రక్తంలో తిరిగే పొట్లాలు, వాటిలోని గుర్తులు

గౌరవనీయులైన దాతలకు ఒక ఉపాధ్యాయుడి చిన్న పాఠం ఇది.

రంజాన్‌కు కొద్ది రోజుల ముందు నా పాత విద్యార్థి ఒకడు చిత్తూరు నుంచి మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఒక కరపత్రం ఉంది. “ఒక్క రక్త పరీక్షతో అన్ని క్యాన్సర్లూ బయటపడతాయంట సార్. అమ్మీకి చేయించేదా?” అని అడిగాడు. ఆమెకు రొమ్ములో గడ్డ కనబడి నాలుగు నెలలైందట. నొప్పి లేదు కదా అని ఎవరికీ చెప్పలేదట.

“కరపత్రం సంగతి తర్వాత చూద్దాం. రేపే డాక్టరుకు చూపించు” అన్నాను. కానీ వాడు అడిగిన ప్రశ్న మంచిదే. రక్తంలో క్యాన్సర్ జాడ దొరుకుతుందా? దొరికితే దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

కణం పంపే పొట్లం

మన శరీరంలోని కణాలు చిన్న చిన్న పొట్లాలను బయటికి వదులుతుంటాయి. వీటిని ఎక్స్‌ట్రాసెల్యులార్ వెసికిల్స్ అంటారు. తెలుగులో కణబాహ్య తిత్తులు అనుకుందాం. వీటిలో చిన్నవి ఎక్సోసోములు. వాటి పరిమాణం సుమారు 30 నుంచి 150 నానోమీటర్లు. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగమే నానోమీటరు.

1983లో కెనడాలో రోజ్ జాన్‌స్టన్ బృందం గొర్రె రక్తకణాలను పరిశీలిస్తూ వీటిని గమనించింది. ఎదుగుతున్న ఎర్ర కణం తనకు ఇక అక్కరలేని ప్రోటీన్‌ను ఇలా బయటికి పంపుతోందని తెలిసింది. చాలాకాలం వీటిని కణం పారేసే చెత్తగానే చూశారు. ఇవి ఒక కణం నుంచి మరో కణానికి కబురు మోస్తాయని తర్వాత తేలింది.

క్యాన్సర్ కణాలు కూడా ఈ తిత్తులను వదులుతాయి. కొన్ని తిత్తులు ముందుగానే ఊపిరితిత్తులకో, కాలేయానికో చేరి, క్యాన్సర్ అక్కడ దిగడానికి చోటు సిద్ధం చేస్తాయని న్యూయార్క్‌లోని డేవిడ్ లైడెన్ బృందం 2015లో ఎలుకల మీది ప్రయోగాలతో చూపింది. ఏ అవయవానికి చేరాలన్నది తిత్తి మీద ఉండే ఇంటిగ్రిన్ అనే ప్రోటీన్లను బట్టి ఉంటుందట.

ప్రోటీన్‌కు తగిలించిన బ్యాడ్జి

తిత్తిలో ఏ ప్రోటీన్ ఉందో తెలిస్తే చాలదు. దాని మీద ఏ గుర్తు ఉందో కూడా చూడాలి. తరగతిలో ఒక పిల్లవాడికి లీడర్ బ్యాడ్జి పెట్టామనుకోండి. పిల్లవాడు మారడు, వాడి పని మారుతుంది. ప్రోటీన్‌కు కూడా కణం ఇలాగే ఫాస్ఫేటునో, చక్కెర గొలుసునో తగిలిస్తుంది. ఫాస్ఫేటు తగిలితే చాలా ప్రోటీన్లు స్విచ్చి వేసినట్టు పనిలోకి దిగుతాయి, కొన్ని ఆగిపోతాయి. క్యాన్సర్ కణంలో ఈ స్విచ్చులు అదుపు తప్పుతాయి.

చిక్కేమంటే, రక్తంలో ఫాస్ఫేటును ఊడదీసే ఎంజైములు ఉంటాయి. విడిగా తిరిగే ప్రోటీన్ మీద ఆ గుర్తు నిలవడం కష్టం. తిత్తి లోపల ఉన్నదాన్ని మాత్రం పైపొర కాపాడుతుంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఆండీ టావో బృందం ఈ సంగతినే వాడుకుంది. రొమ్ము క్యాన్సర్ ఉన్నవారి రక్తంలోని తిత్తులను ఆరోగ్యవంతుల తిత్తులతో పోల్చి, 144 ఫాస్ఫేటు ప్రోటీన్లు రోగులలో ఎక్కువగా ఉన్నాయని 2017లో ప్రకటించింది.

మరి ఆ పరీక్ష చేయించవచ్చా?

అది పరిశోధన. కొద్దిమంది రక్తంలో కనబడిన తేడా వేలమందిలోనూ నిలవాలి. జబ్బు లేనివారిని భయపెట్టకూడదు, ఉన్నవారిని వదిలేయకూడదు.

చక్కెర గుర్తును చూసే పరీక్ష ఒకటి ఇప్పటికే వాడుకలో ఉంది. ల్యాబు చీటీల మీద సి.ఎ. 19-9 అని మీరు చూసి ఉంటారు. క్లోమ క్యాన్సర్ చికిత్స ఎలా సాగుతోందో తెలుసుకోవడానికి డాక్టర్లు దీన్ని వాడతారు. కానీ పిత్తనాళం మూసుకుపోయి కామెర్లు వచ్చినా అది పెరుగుతుంది. పుట్టుకతోనే ఆ చక్కెర గుర్తును తయారు చేయలేని మనుషులూ ఉన్నారు. వారికి క్యాన్సర్ ఉన్నా ఆ అంకె పెరగదు. అందుకే ఒక్క అంకెను పట్టుకుని జబ్బు ఉందనో లేదనో తేల్చరు. గడ్డ ఉంటే చేత్తో చూడాలి, స్కాను తీయాలి, ముక్క తీసి పరీక్షించాలి.

మన డబ్బు ఎక్కడ పనికొస్తుంది?

మన పక్కనే తిరుపతిలో స్విమ్స్ ఉంది. 2022లో అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల చేయూతతో శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రి మొదలైంది. 30 ఏళ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల కోసం ప్రాథమిక పరీక్ష చేసే ప్రభుత్వ కార్యక్రమమూ ఉంది. అయినా మనవాళ్లు ఆలస్యంగా వెళ్తున్నారు. కూలి పోతుందని, తోడు వచ్చేవారు లేరని, ఆడవాళ్లయితే చెప్పుకోవడానికి సిగ్గని వాయిదా వేస్తారు. పొగాకు నమిలే అలవాటున్నవారు మూడు వారాలైనా మానని నోటిపుండును కూడా పట్టించుకోరు.

మీ జకాత్, సదఖా సొమ్ములో కొంత ఇక్కడ పెట్టమని నా మనవి. అర్హులైన పేదలకు బస్సు ఛార్జీ, ఒక రోజు కూలి, తోడుగా వెళ్లే ఒక ఆడమనిషి ఖర్చు ఇస్తే చాలు. కరపత్రంలోని పరీక్షకు అడిగిన డబ్బుతో ఇలా ఎంతోమందిని డాక్టరు దగ్గరికి చేర్చవచ్చు.

ఆ అమ్మీ మరుసటి వారమే ఆసుపత్రికి వెళ్లింది. ముక్క పరీక్షలో క్యాన్సరేనని తేలింది. ఇంకా వేరే చోటికి పాకలేదని డాక్టర్లు చెప్పారు, చికిత్స నడుస్తోంది. ఆ నాలుగు నెలలు కూడా పోకుండా ఉంటే ఇంకా బాగుండేదని వాడు ఇప్పటికీ అంటుంటాడు.

అల్లాహ్ ఆమెకు స్వస్థత ప్రసాదించుగాక, మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.