వేలిముద్ర వేయనీయొద్దు

చిరంజీవి చిన్నోడికి, చిన్నమ్మమ్మ ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం అందింది. అమ్మమ్మను స్టేషన్ చుట్టూ తిప్పలేం, రాజీ అయిపోదాం అన్నావు. చెల్లి పోయినకాడి నుంచి నీకు కంటిమీద కునుకు లేదని తెలుసు నాయనా. వేళకు అన్నం తిను.

ఒక్క మాట మాత్రం విను. చదివి వినిపించని ఏ కాయితం మీదా మీ అమ్మమ్మ చేత వేలిముద్ర వేయించొద్దు. తెల్లకాయితమైతే అసలు దగ్గరికే రానీయొద్దు. మొన్న మీ బావ తరపు పెద్దలొచ్చారు. చెల్లి పసిదాని పేరు మీద డబ్బు వేస్తామని, కాయితం మడిచి అడుగు భాగం మాత్రమే చూపించారు. మీ అమ్మమ్మ బొటనవేలు కొంగులో దాచుకుంది.

పెళ్ళయిన ఏడేళ్ళలోపు కట్నం వేధింపులతో పిల్ల చచ్చిపోతే అది రచ్చబండ మీద తేలే తగువు కాదు. 1986లోనే చట్టం తెచ్చారు, ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 80వ సెక్షన్. రుజువైతే ఏడేళ్ళకు తక్కువ కాని శిక్ష. తహసీల్దారే వచ్చి పంచనామా చేసింది అందుకే. ఇందులో రాజీకి చట్టం ఒప్పుకోదు.

1992లో నేను రాత్రిబడికి పోతే నా పిల్లల్ని మీ అమ్మమ్మే చూసుకునేది. అందుకే దానికి సంతకం రాలేదు. దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడిన రోజులవి. మేమూ చీపుళ్ళు పట్టుకుని సారా బండికి అడ్డం పడ్డాం. మరుసటేడు అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అర్జీ ఇస్తే నకలు తీసుకోకుండా కదలొద్దని రాత్రిబడి పంతులమ్మ చెప్పేది. ఎఫ్.ఐ.ఆర్. నకలు డబ్బు కట్టకుండానే ఇస్తారు. అడిగి తెచ్చాను, రేషన్ కార్డుతో పాటు బియ్యం డబ్బాలో ఉంది.

తిప్పడం అంటావా, ఆడవాళ్ళ వాంగ్మూలం కోసం పోలీసులే ఇంటికి రావాలి. కూలి పోగొట్టుకుని స్టేషన్ మెట్ల మీద పడిగాపులు పడాల్సిన పని లేదు. ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా సర్కారే వకీలును పెడుతుంది. 15100కి ఫోన్ చేస్తే చెబుతారు.

మీ అమ్మమ్మ రాజీ వద్దంటోంది. ఆ మాట నువ్వు దాన్ని అడగనే లేదు. నీ మీద కోపం లేదురా, నిన్ను ఎత్తుకుని పెంచిన చేతులు ఇవి.

సోమవారం సెలవు పెట్టుకుని రా. నెల్లూరు కోర్టులో న్యాయసేవాధికార సంస్థకు ముగ్గురం కలిసి పోదాం. అక్కడ ఏ కాయితం ఇచ్చినా మీ అమ్మమ్మకు నువ్వే చదివి వినిపించాలి.

మీ చిన్నమ్మమ్మ