ఆరియోమైసిన్ మందు పనిచేయు విధము

మన తాటిపాకకుఁ బడమట వశిష్ఠ గోదావరిని దాఁటి పోయినచో భీమవరము వచ్చును. 1895వ సంవత్సరమున యల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించిన యూరది. యౌవనమున సోదరు లిరువురు వ్యాధిచే మృతినొందఁగాఁ జూచిన యీ మహనీయుఁడు అమెరికా కేఁగి, పిదప లెడర్లీ పరిశోధనాలయమునకు అధ్యక్షుఁడయ్యెను.

అచట డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుఁడు పలుతావుల మన్ను తెప్పించి పరీక్షించుచుండెను. 1945లో మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలములోని మట్టియందు బంగారువన్నె గల సూక్ష్మజీవి యొకటి దొరకెను. అది పుట్టించు పదార్థమే ఆరియోమైసిన్. 1948లో నీ మందు లోకమునకు వెల్లడియయ్యెను. ఆ యేఁడే సుబ్బారావుగారు కీర్తిశేషులైరి. టెట్రాసైక్లిన్ కుటుంబమున నిది మొదటిది. నేఁడు వైద్యు లిచ్చు డాక్సీసైక్లిన్ ఆ కుటుంబములోనిదే.

ఇది బాక్టీరియాను ఎట్లు అడ్డగించును? మన యూళ్లలోఁ గొబ్బరిపీచుతో త్రాడు పేనుట మీ రెఱుఁగుదురు. పేనువాఁడు పీచు వెంబడి పీచు చేర్చినఁగాని త్రాడు సాగదు. బాక్టీరియా కణములో రైబోసోము అను సూక్ష్మయంత్రము అట్లే అమైనో ఆమ్లముల నొకదాని వెంట నొకటి చేర్చి మాంసకృత్తులను నిర్మించును. క్రొత్త ఆమ్లము వచ్చి చేరవలసిన చోటనే యీ మందు కూర్చుండును. త్రాడు సాగదు, బాక్టీరియా పెరుగదు. మన కణములలోని రైబోసోముల కూర్పు వేఱగుటచే మనకు హాని స్వల్పము.

అయితే యీ మందు సాధారణముగా శత్రువును జంపదు, నిలువరించును. మిగిలిన పని మన రక్తములోని తెల్లకణములదే. కావున జ్వరము తగ్గెనని స్వేచ్ఛగా మానరాదు. వైద్యుఁడు చెప్పినన్ని దినములు పుచ్చుకొనవలెను. జలుబు వైరసు వలనఁ గలుగును. వైరసునకు సొంత రైబోసోము లేదు గనుక దానిపై నీ మందు నిష్ప్రయోజనము. పాలలోని సున్నపుధాతువు టెట్రాసైక్లిన్‌ను బంధించి ఒంటఁ బట్టనీయదు. ఈ మందులు పసిపిల్లల పండ్లకు మచ్చలు తేఁగలవు.

మఱియొక యపాయము కలదు. కొన్ని బాక్టీరియాలు లోనికి వచ్చిన మందును వెలికిఁ దోడివేయు నేర్పు సంపాదించినవి. ఆ నేర్పును తోటివానికిఁ బంచియిచ్చును. అనవసరముగా మ్రింగిన ప్రతి మాత్రయు వానికే తోడ్పడును. అంగడిలో నడిగి కొనుటకు ముందు ఈ మాట యింటనున్న పెద్దలకుఁ జెప్పుఁడు. పిడికెఁడు మట్టినుండి శ్రమించి తెచ్చిన మందును వ్యర్థపఱుపక కాపాడుట మన వంతు.