సముద్రానికీ ఒక ఏరువాక

ఈసారి మన గోడపత్రికకు "పండుగ - పని" అనే అంశం ఇచ్చారు. వినగానే నాకు ఏరువాక గుర్తొచ్చింది. మా అమ్మమ్మది బోధన్ దగ్గర పల్లె, వ్యవసాయం ఇల్లు. కానీ నేను రాసేది పొలం పండుగ గురించి కాదు, సముద్రం పండుగ గురించి. నాందేడ్‌లో గోదావరిని తప్ప పెద్ద నీళ్లను చూడని నేను, 2024 ఆగస్టు 19న ముంబయిలోని వర్లీ కోళీవాడలో నారళీ పౌర్ణిమ చూశాను. అక్కడ ఉండే మా పెద్దమ్మ ఆ సాయంత్రం అన్న ఒక్క మాటే ఈ పాఠానికి మూలం.

ఏరువాక అంటే

జ్యేష్ఠ పౌర్ణమిని ఏరువాక పున్నమి అంటాం. ఏరు అంటే ఎద్దులు కట్టి సిద్ధం చేసిన నాగలి. ఆ రోజు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగు పూసి, పూజ చేసి దుక్కి మొదలుపెడతారు. పని మొదలయ్యే రోజుకే ఒక పండుగ ఉందన్నమాట. మన మరాఠ్వాడాలో ఎద్దులకు చేసే పోళా శ్రావణ అమావాస్యనాడు వస్తుంది. అది బరువు పని అయ్యాక ఎద్దుకు ఇచ్చే విశ్రాంతి. ఏరువాక మాత్రం పనికి తలుపు తెరవడం.

మూసి ఉన్న సముద్రం

కోళీలు ముంబయి తీరంలో తరతరాలుగా ఉన్న జాలరులు. ముంబయి ఒకప్పుడు ఏడు దీవులు, వర్లీ అందులో ఒకటి. నగరం పేరుకు మూలమైన ముంబాదేవి కూడా కోళీల దేవతే.

నైరుతి రుతుపవనాలు రాగానే అరేబియా సముద్రంలో గాలి, అలలు పెరుగుతాయి. చాలా చేపలు గుడ్లు పెట్టే కాలం కూడా అదే. అందుకే పడమటి తీరంలో జూన్ 1 నుంచి జులై 31 దాకా, అంటే 61 రోజులు, మర పడవల వేటపై ప్రభుత్వ నిషేధం ఉంటుంది. మన ఆంధ్ర తీరంలోనూ 61 రోజులే, కానీ అక్కడ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా.

ఇక్కడ ఒక చిక్కుంది. ప్రభుత్వం లెక్క తేదీతో, కోళీల లెక్క చంద్రుడితో. శ్రావణ పౌర్ణమి 2022లో ఆగస్టు 11న వచ్చింది. 2023లో అధిక మాసం వల్ల ఆగస్టు 30కి జరిగింది. నిషేధం ఆగస్టు 1న తీరినా, కొబ్బరికాయ వేసేదాకా వలలు ముట్టని ఇళ్లు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. అలాంటివాళ్లకు 2023లో ఇంకో నెల ఆగాల్సి వచ్చిందని లెక్క. సంపాదన లేని నెల ఎంత పొడుగ్గా ఉంటుందో రైతు ఇళ్ల పిల్లలకు చెప్పక్కర్లేదు.

ఆ సాయంత్రం

కోళీవాడ సందులు ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు. పడవలకు కొత్త రంగు, జెండాలు, పూలదండలు. ఆడవాళ్లు నిండుగా నగలు పెట్టుకుని, తలలో పూలు పెట్టుకుని వచ్చారు. బంగారు కాగితం చుట్టిన కొబ్బరికాయను బాజాలతో ఊరేగింపుగా ఒడ్డుకు తెచ్చారు. పూజ అయ్యాక దాన్ని సముద్రంలో వదిలారు. తర్వాత ఇంటింటివాళ్లు తమ కాయలు తాము వేశారు. మా వెనకాల కోట, ముందర బాంద్రా-వర్లీ వంతెన. ఆ వంతెన 2009లో మొదలైంది. దాని నీడలోనే ఈ పాత పండుగ.

పెద్దమ్మకు తెలిసిన ఒక మావశీ మాకు నారళీ భాత్ పెట్టింది. కొబ్బరి, బెల్లం, లవంగం, యాలకులు వేసిన తీపి అన్నం. "రెండు నెలలు ఎట్ల గడిచింది?" అని పెద్దమ్మ మరాఠీలో అడిగింది. ఎండు బొంబిల్, ఎండు జవళా అమ్ముకుని గడిపామని, వలలకూ పడవ రంగుకూ అప్పు చేశామని ఆమె చెప్పింది. ఆగకుండా వేటకు పోవచ్చు కదా అని నేను తెలివిలేకుండా అడిగాను. ఆమె నవ్వి అన్నది: "చేప కడుపుతో ఉంటుంది పోరీ. అప్పుడు పడితే వచ్చే ఏడు ఏం తింటాం?"

తిరిగి వస్తుంటే పెద్దమ్మ అన్న మాట ఇది: "మనకు మిరుగం వచ్చిందంటే పని మొదలైతది. వీళ్లకు మిరుగం వచ్చిందంటే పని బందయితది."

రెండూ ఒకే వాన. జూన్‌లో అది పొలాన్ని తెరిచి సముద్రాన్ని మూస్తుంది. అది నెమ్మదించాక, రెండు పున్నముల తర్వాత, సముద్రాన్ని తెరుస్తుంది. ఏరువాకనాడు రైతు ఎద్దుకు మొక్కినట్టే, నారళీ పౌర్ణిమనాడు కోళీ సముద్రానికి మొక్కుతాడు. ఇద్దరిదీ ఒకటే అడగడం: నీ మీద బతకడానికి వస్తున్నా, చల్లగా చూడు.

అదే పున్నమి మన ఇళ్లలో

శ్రావణ పౌర్ణమి మనకు రాఖీ, జంధ్యాల పున్నమి. నేత ఇళ్లవాళ్లకు ఆ రోజే కొత్త జంధ్యం. షోలాపూర్‌లో పద్మశాలీలు మార్కండేయుడి రథం తీసేదీ ఆ రోజే. సముద్రం లేని ఊళ్లో కూడా తెలుగువాళ్లు ఆ రోజును "నారళీ పౌర్ణిమ" అనే పిలుస్తారు.

పెద్దమ్మ అత్తగారివాళ్లు మిల్లు పనికి తెలంగాణ నుంచి ముంబయి వచ్చినవాళ్లు. 1982 జనవరిలో మొదలైన పెద్ద సమ్మె తర్వాత ఎన్నో మిల్లుల గేట్లు మళ్లీ తెరుచుకోలేదు. వాళ్ల మామగారి మిల్లు కూడా అంతే. "సముద్రం నయం బిడ్డా, ఏడాదికోసారి తెరుస్తది" అన్నది పెద్దమ్మ. నేనేం మాట్లాడలేకపోయాను.

అయితే సముద్రం తెరిచినా దారి ఉండాలి కదా. తీర రహదారి కడుతున్నప్పుడు, స్తంభాల మధ్య దూరం చాలదు, పడవలు తగులుతాయి అని వర్లీ జాలరులు పోరాడారు. 60 మీటర్ల దూరాన్ని ఒక చోట 120 మీటర్లకు పెంచడానికి ప్రభుత్వం ఒప్పుకుంది.

దూరదేశంలో ఇలాంటిదే

జపాన్‌లో "ఉమిబిరాకి" అనే ఉత్సవం ఉంది. ఉమి అంటే సముద్రం, బిరాకి అంటే తెరవడం. ఇది చేపల వేటకు కాదు, ఈత కాలానికి. ప్రధాన దీవుల్లో ఎక్కువగా జులైలో చేస్తారు. వెచ్చగా ఉండే ఒకినావా దీవిలో మార్చి, ఏప్రిల్ నెలల్లోనే చేస్తారు. ఆ ఏడాది ఎవరికీ ప్రమాదం జరగకూడదని ముందు ప్రార్థన, ఆ తర్వాతే నీళ్లలోకి దిగడం. ఆటకైనా సరే, అడిగి దిగాలన్నమాట.

అదే ఒకినావాలో మూడో చాంద్రమాసం మూడో రోజున "హమఉరి" అనే ఆడవాళ్ల పండుగ ఉంది. ఆ రోజు ఆడవాళ్లు ఒడ్డుకు వెళ్లి సముద్రపు నీళ్లతో కాళ్లు చేతులు తడుపుకుని శుద్ధి అవుతారు. అమావాస్య దాటిన కొత్తలో పాటు పెద్దది కాబట్టి నీళ్లు చాలా వెనక్కి పోతాయి. గవ్వలు, ఆలుచిప్పలు ఏరుకుంటారు. కార్తికంలో గోదావరికి పోయే మన అమ్మలు నాకు గుర్తొచ్చారు.

ఎవరు తెరుస్తారు?

వేటకు పోయేది మగవాళ్లు. కానీ చేప ఒడ్డుకు రాగానే బుట్ట ఆడవాళ్ల చేతికి వస్తుంది. ధర చెప్పేది, బజారులో అమ్మేది, డబ్బు లెక్క పెట్టేది, మూసిన నెలల్లో ఎండు చేపతో ఇల్లు నడిపేది కోళీ ఆడవాళ్లే. మన ఏరువాకలోనూ అంతే కదా. దున్నేది నాన్న, విత్తనం దాచేది, నాటేది, కలుపు తీసేది అమ్మ. పండుగ ఫోటోలో నాగలి, పడవ పడతాయి. బుట్ట, విత్తనాల కుండ పడవు. వాటిని మనమైనా రాసి పెడదామని ఈ పాఠం.

కొన్ని మాటలు

మిరుగం: మృగశిర కార్తె, మరాఠీలో మృగ నక్షత్రం.
నారళ్: కొబ్బరికాయ.
కోళీవాడ: కోళీలు ఉండే పేట.
బొంబిల్, జవళా: ఎండబెట్టి దాచుకునే చేప, చిన్న రొయ్య.
పోటు, పాటు: సముద్రపు నీళ్లు పెరగడం, తగ్గడం.

ఆలోచించండి

1. మీ ఇంట్లో పని మొదలయ్యే రోజుకు ఏదైనా పూజ, పద్ధతి ఉందా? దాని పేరేమిటి?
2. పని లేని నెలల్లో మీ ఇల్లు ఎవరి చేతిమీద నడుస్తుంది?
3. ఏరువాక గురించి మీ అమ్మమ్మ, నానమ్మ చెప్పే మాటలు రాసి, ఈ కాగితం పక్కన అంటించండి.