ఎదుటి గోడ కూడా చూడండి

మహాబలిపురం వెళ్తున్నామని మా మనవలు, వీధి పిల్లలు చెప్పినప్పుడల్లా నేను చెప్పే మాటలివి. చాలామంది చెన్నై నుంచి పొద్దున బయల్దేరి, సముద్రపు ఒడ్డున గుడి దగ్గర ఫొటోలు దిగి, రథాలు చూసి వెనక్కి తిరుగుతారు. కొండ మీది గుహలకు ఒక పూట ఉంచుకోండి.

1. ముందుగా పూర్తికాని గుహ చూడండి. సగంలో ఆగిపోయినవి అక్కడ ఉన్నాయి. రాతి ముఖం మీద గళ్లు గీసి, గాడులు తొలిచి, మధ్యలో మిగిలిన దిమ్మలను కొట్టి రాల్చిన తీరు కళ్లకు కడుతుంది. అది గ్రానైటు. ఒక దెబ్బ ఎక్కువ పడితే ఆ ముక్కను మళ్లీ అతికించలేరు. పల్లవ రాజు మొదటి మహేంద్రవర్మ మండగపట్టు గుహలో ఒక శాసనం వేయించాడు. ఇటుక, కలప, లోహం, సున్నం లేకుండా బ్రహ్మకు, శివుడికి, విష్ణువుకు ఆలయం చేయించానని అందులో చెప్పుకున్నాడు. ఆ గాడులు చూశాక ఆయన గర్వం సబబే అనిపిస్తుంది.

2. బోర్డు చదవకముందే దేవుణ్ణి గుర్తుపట్టండి. చేతిలో ఏముంది, కాలి కింద ఎవరున్నారు, వాహనం ఏమిటి అని చూస్తే చాలు. వరాహ మండపంలో భూదేవిని ఎత్తుకున్న స్వామి ఎవరో మన పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

3. ఒక గోడ చూసి వచ్చేయకండి. దీపస్తంభం దగ్గరి మహిషాసురమర్దిని మండపానికి తప్పకుండా వెళ్లండి. ఒక గోడ మీద దుర్గ సింహమెక్కి, ఎనిమిది చేతులతో, విల్లు లాగి దూసుకొస్తోంది. దున్నపోతు తల, మనిషి ఒళ్లు ఉన్న మహిషుడు గద పట్టుకుని వెనక్కి ఒరుగుతున్నాడు. అతని తల మీద ఇంకా గొడుగు ఉంది. అంటే రాజరికం పోలేదు, చావు రాలేదు. శిల్పి చంపే ఘట్టం చెక్కలేదు. యుద్ధం ఎటు మొగ్గుతోందో తెలిసే క్షణాన్ని పట్టుకున్నాడు. నాకు ఈ దేశంలో ఇంతకంటే ఇష్టమైన శిల్పం లేదు.

ఇప్పుడు వెనక్కి తిరగండి. ఎదుటి గోడ మీద ఆదిశేషుడిపై విష్ణువు నిద్రపోతున్నాడు. పాదాల దగ్గర మధుకైటభులు దాడికి సిద్ధంగా ఉన్నారు. అక్కడ అంతా కదలిక, ఇక్కడ అంతా నిశ్చలం. ఈ రెండింటికీ పొత్తేమిటి? దుర్గా సప్తశతి తెలిసినవాళ్లకు వెంటనే తడుతుంది. మొదటి కథలో విష్ణువును ఆవరించిన యోగనిద్ర దేవియే. బ్రహ్మ వేడుకుంటే ఆమె తొలగుతుంది, స్వామి లేచి రాక్షసులను చంపుతాడు. తరువాతి కథ మహిషుడిది. అలా చూస్తే రెండు గోడల మీదా ఉన్నది అమ్మవారి మహిమే. నడుమ గర్భగుడిలో శివుడు, ఉమ, బాలస్కందుడు కూర్చుని ఉంటారు. కాబట్టి వెళ్లేముందు పిల్లలకు ఆ కథలు చెప్పి తీసుకెళ్లండి.

4. దేవుడి పక్కనున్నవాళ్లను చూడండి. కృష్ణ మండపంలో గోవర్ధనం ఎత్తిన కృష్ణుడి దగ్గరే అందరూ ఆగుతారు. కాస్త పక్కకు చూస్తే ఒక గొల్లవాడు పాలు పితుకుతున్నాడు, ఆవు తన దూడను నాకుతోంది. కొండ కింద భయం లేదని చెప్పడానికి ఆ ఆవు చాలు. ముందున్న స్తంభాల మండపం విజయనగర కాలంలో చేర్చింది. పల్లవుల నాడు ఈ శిల్పం ఆరుబయటే ఉండేది.

5. శిల్పాలను తాకకండి, కుంకుమ పూయకండి. వేళ్ల జిడ్డుకు రాయి నల్లబడుతుంది.

6. తిరిగొచ్చాక ఉండవల్లి వెళ్లండి. విజయవాడ నుంచి కృష్ణ దాటితే చాలు. విష్ణుకుండినుల నాటివని చెప్పే ఆ గుహల్లో 5 మీటర్లకు పైబడిన అనంతశయనుడున్నాడు. మనవాళ్లు ముఖం దగ్గర దణ్ణం పెట్టుకుని కదిలిపోతారు. మీరు పాదాల వైపు నడవండి. మధుకైటభులు అక్కడా ఉన్నారు.