బొమ్మా? బొరుసా? – మెట్ట రైతు లెక్క

హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న దుండిగల్ పేరు వినగానే మీకు వైమానిక దళ అకాడమీ, ఆకాశంలో చక్కర్లు కొట్టే శిక్షణ విమానాలు గుర్తుకు వస్తాయి. ఆ చుట్టుపక్కల పొలాలు చాలావరకు ఇళ్ళ స్థలాలైపోయాయి. అయినా, ఎక్కడైనా పునాది తవ్వుతూ ఉంటే ఒక్క క్షణం ఆగి చూడండి. పైన కాస్త ఎర్ర మన్ను, దాని కింద మొరం, ఇంకా కిందికి పోతే బండ. ఈ ఎర్ర నేలనే చెల్క అంటారు. వాన పడితే త్వరగా పీల్చుకుంటుంది కాని, ఎక్కువ రోజులు నిలుపుకోలేదు. ఏడాది వానలో అధిక భాగం జూన్ నుండి సెప్టెంబరు లోపలే పడుతుంది. మధ్యలో రెండు మూడు వారాలు చినుకు లేకపోతే పైరు వాడిపోతుంది. చెరువు కింద వరి వేసే రైతుకు కొంత ధీమా ఉంటుంది. చెల్క రైతుకు ఆకాశమే చెరువు!

ఇటువంటి నేలలో రైతు జొన్న సాళ్ళ మధ్య కంది కూడా విత్తుతాడు. ఎరువు తక్కువగా వేస్తాడు. "పాత అలవాటు, చెప్పినా వినడు" అని పట్నంవాళ్ళు అంటూ ఉంటారు. నిజమేనా?

దుండిగల్‌కు నైరుతి దిక్కున, పటాన్‌చెరు దగ్గర, 1972లో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఏర్పడింది. అక్కడి శాస్త్రజ్ఞులు రావు, విల్లీ అనేవారు జొన్న–కంది మిశ్రమ పంటపై జరిగిన 94 ప్రయోగాల ఫలితాలను కలిపి లెక్కకట్టి 1980లో ప్రకటించారు. ఆదాయం ఒక మట్టం కంటే దిగజారితే దానిని "విపత్తు" అనుకుందాం. కంది ఒక్కటే వేస్తే 5 ఏళ్ళకు ఒకసారి విపత్తు వస్తుంది. జొన్న ఒక్కటే అయితే 8 ఏళ్ళకు ఒకసారి. పొలాన్ని రెండు ముక్కలు చేసి వేరువేరుగా వేస్తే 13 ఏళ్ళకు. రెండూ కలిపి వేస్తే? 36 ఏళ్ళకు ఒకసారి!

కలిపితే ఇంత తేడా ఎందుకు? కంది మొదట్లో మెల్లగా పెరుగుతుంది. జొన్న కోసిన తరువాతనే గుబురుగా కొమ్మలు వేసి, లోతుకు దిగిన వేళ్ళతో అడుగున మిగిలిన తేమను తాగుతుంది. ఒకవేళ జొన్న ముందే ఎండిపోతే, దాని చోటు, దాని నీరు కందికి దక్కుతాయి. వానలు ముందుగానే ఆగిపోతే, జొన్న అప్పటికే ఇంటికి చేరి ఉంటుంది. పొలాన్ని రెండు ముక్కలు చేస్తే ఈ సర్దుబాటు కుదరదు.

ఇక ఎరువు సంగతి. 1975 నుండి ఇక్రిశాట్ అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, దోకూరులలోను, మహారాష్ట్రలోని కొన్ని ఊళ్ళలోను ఒక్కొక్క ఊరికి 40 కుటుంబాల చొప్పున జమాఖర్చులు రాయించింది. ఆ ఊళ్ళలోనే బిన్స్‌వాంగర్ అనే ఆర్థికశాస్త్రవేత్త ఒక ఆట ఆడించాడు. మీరూ ఆడి చూడండి. నాణెం ఎగరేస్తారు. ముందుగా ఒక పద్ధతి ఎంచుకోవాలి. ఏది పడినా 50 రూపాయలు అనేది మొదటిది. బొమ్మకు 45, బొరుసుకు 95 అనేది రెండవది. ఆ తరువాత 40–120, 30–150, 10–190. చివరిది 0–200. సగటు కట్టండి: 50, 70, 80, 90, 100, 100. సాహసం పెరిగేకొద్దీ సగటు పెరిగింది. కాని చివరి మెట్టు దగ్గర సాహసం పెరిగినా సగటు పెరగలేదు, గమనించారా?

చింతగింజలతో ఆడితే మీలో చాలామంది 0–200 అంటారు. అక్కడ ఇచ్చినది నిజమైన డబ్బు, అదీ కూలివాని నెల సంపాదనను మించేటంత. పందెం అర్ధరూపాయి స్థాయిలో ఉన్నప్పుడు తెగించినవారు కూడా ఈ పెద్ద పందెంలో జాగ్రత్తపడి, మధ్య పద్ధతులకు దిగారు. అసలు వింత ఏమిటంటే, ఉన్నవారు, లేనివారు ఎంచుకున్న పద్ధతుల్లో పెద్ద తేడా లేదు.

మరి పొలంలో ఉన్నవాడు ఎక్కువ ఎరువు, లేనివాడు తక్కువ ఎరువు వేస్తున్నాడంటే, అది పిరికితనం వల్ల కాదన్నమాట. నాణెం ఆటలో ఎవరూ చేతి డబ్బు పెట్టనక్కరలేదు. ఎరువు బస్తాకు మాత్రం ముందే పెట్టాలి. ఆస్తి ఉన్నవానికి బ్యాంకు అప్పు ఇస్తుంది. లేనివాడు వడ్డీ వ్యాపారి గడప తొక్కాలి. వాన తప్పితే పంటతోపాటు ఎరువూ పోతుంది, వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది.