కట్టుబాటు, స్వేచ్ఛ, వ్రతము

సంఘమునకు కట్టుబాటు కావలెను. వ్యక్తికి స్వేచ్ఛ కావలెను. ఒకటి హెచ్చిన రెండవది తగ్గునని లోకము తలచును. ఈ తగవు గ్రంథములలోనిది మాత్రమే కాదు. చంద్రపూరు నగరమున తాడోబా దారినున్న తుకుం మొదలుకొని ఆ జిల్లా యంతయు ఆరేండ్లపాటు దీనిని ప్రత్యక్షముగా చూచినది.

2010 డిసెంబరులో ఆ జిల్లా స్త్రీలు వేల సంఖ్యలో చిమూరు నుండి నాగపూరునకు కాలినడకన పోయి మద్యనిషేధమును కోరిరి. 2015 ఏప్రిల్ 1 నుండి నిషేధము అమలునకు వచ్చెను. 2021 మే నెలలో ప్రభుత్వము దానిని ఎత్తివేయ నిశ్చయించెను. దొంగసరుకు, నేరములు పెరిగినవని కారణము చెప్పెను. తెలుగునాటను ఇట్లే జరిగినది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీల ఉద్యమము పిమ్మట 1993లో సారా, 1995లో సమస్త మద్యము నిషేధింపబడి, 1997లో ఆ కట్టు సడలెను.

త్రాగువాడు “నా సొమ్ము, నా యిష్టము” అనును. కాని కూలిడబ్బు దుకాణమున పోసివచ్చినవాని యింట పిల్లలు పస్తుండుట ఇల్లాలి యిష్టము కాదు గదా! కావున ఆ స్త్రీలు స్వేచ్ఛను కాదనలేదు. తమకును స్వేచ్ఛ కావలెననిరి. అయితే చట్టము అంగడిని మూయించెను గాని కోరికను మాన్పింపజాలదయ్యెను. కోరిక మిగిలినచోట దొంగబేరము పుట్టెను.

ఇచ్చట జైనశాస్త్రము మూడవ మార్గమును చూపుచున్నది. ఉపాసకదశాంగమున వాణిజ్యగ్రామవాసియైన ఆనందుడను గృహస్థు కలడు. నిధిగా నాలుగు కోట్లు, వడ్డీమీద నాలుగు కోట్లు, ఇంటి సంపదగా నాలుగు కోట్ల బంగారము గల శ్రీమంతుడు. అతడు మహావీరస్వామి సన్నిధిని పండ్రెండు వ్రతములు గైకొని, ఉన్నదానికే మితి కట్టుకొనెను. రాజాజ్ఞ లేదు, కుల బహిష్కార భయము లేదు. అతని కట్టుబాటు అతని స్వేచ్ఛనుండియే పుట్టినది.

శ్రావకుని హింసాత్యాగాది వ్రతముల రీతి గమనింపదగినది. మనసా, వాచా, కాయేన “చేయను, చేయించను” అని అతడు పూనును. ఈ రెండవ మాట వర్తకునకు ముఖ్యము. “నేను త్రాగను, అమ్ముదును” అనువాడు మొదటి మాట నిలుపుకొని రెండవదానిని విడిచినవాడగును. శ్రావకుడు మానవలసిన పదునైదు కర్మాదానములలో రసవాణిజ్యము చేరియున్నది, మద్యవిక్రయము అందులోనిదే. మద్యవ్యాపారము ప్రాథమికహక్కు కాదని సుప్రీంకోర్టును తీర్పు చెప్పియున్నది.

లైసెన్సు ఇచ్చినది ప్రభుత్వమే కావచ్చును. తీసికొనుమని ఎవరిని బలవంతపెట్టలేదు. అంగడి తెరచునప్పుడే గాక, తన మలిగెను మద్యపు బేరమునకు అద్దెకిచ్చునప్పుడును శ్రావకుడు ఆ రెండవ మాటను తలచుకొనవలెను. చట్టము ఎత్తివేయబడిన దినముననే అతని స్వేచ్ఛకు నిజమైన పరీక్ష ప్రారంభమగును.