పిలువని పెత్తనము

ఒకరి కుటుంబమున, ఒకరి వృత్తిలో, ఒకరి ధనవ్యయమున వారు కోరకయే ప్రవేశించి తీర్పు చెప్పుటను లోకము 'పెత్తనము' అని పిలుచుచున్నది. పైకి ఇది హితబోధవలెనే కనబడును. కాని హితము చెప్పువాడు ముందు ఎదుటివాని మాట వినును. పెత్తనము చేయువాడు వినడు. ఈ భేదము నెఱుగుటయే ఈ పాఠమునకు మూలము.

అనంతపురము పీఠభూమిలో ఈ దోషమువలని హాని స్పష్టముగ కనబడును. ఇచట సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియును. నైరుతి ఋతుపవనములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య ఋతుపవనములు తూర్పుతీరము దాటి ఇంతదూరము వచ్చునప్పటికి బలహీనపడును. వేసిన వేరుసెనగ ఎండిపోగా రైతు అప్పు చేసి బోరు వేయించును. నీరు పడదు. మఱల వేయించును, మఱల పడదు. అప్పుడు రచ్చబండపై విచారణ మొదలగును. "వద్దన్నచోటనే బోరు వేయించినాడు" అని ఒకరు, "కూతురి పెండ్లికి అంత ఖర్చేల?" అని ఒకరు, "ఉన్నది అమ్ముకొని ఊరు విడువరాదా?" అని మఱియొకరు తలకొక తీర్పు చెప్పుదురు. అతడు వారిలో నెవ్వరిని సలహా యడుగలేదు. పంట పోయిన దుఃఖమును ఓర్చుకొన్నవాడు సైతము ఆ మాటల నోర్వలేక సంతకు పోవుట మానును. బంధువుల యిండ్లకు పోవుట మానును. తుదకు ఆదుకొనగలవారికి కూడ తన కష్టము చెప్పుకొనుట మానును. ఈ ప్రాంతమున ఎందఱో రైతులు ప్రాణములు తీసికొనిరి. కరవును, అప్పును వారిని క్రుంగదీసినవి. అవమానభయము నోరు మూయించినచో ఆ భారము ఇంకను పెరుగునుగదా!

12వ శతాబ్దమున కల్యాణమున మంత్రిపదవి నలంకరించిన బసవేశ్వరుడు, లోకపు వంకరలు దిద్దబూనువారు మొదట తమ దేహమును, మనస్సును సరిచేసికొనవలెనని ఒక ప్రసిద్ధ వచనమున బోధించెను. ఇతరులను శాసింపగల అధికారము గలవాడే ఇట్లు చెప్పుట గమనింపదగినది.

అట్లయిన పొరుగువాడు చెడుచుండగా ఊరకుండవలెనా యని కొందఱు ప్రశ్నింపవచ్చును. ఊరకుండరాదు. కాని పరుల సొంతవిషయమునకును, పదుగురి ఉమ్మడివిషయమునకును గల భేదము తెలియవలెను. కూతురి పెండ్లి ఆ యింటివారిది. భూగర్భజలము అట్టిది కాదు. అది పొలముగట్ల నెఱుగదు. ఒకని లోతు బోరు పొరుగువాని బోరు నెండగట్టవచ్చును. కనుకనే 2002లో వచ్చిన వాల్టా చట్టము క్రొత్త బోరునకు అనుమతి యుండవలెనని విధించినది.

ఉమ్మడివిషయమున సైతము చెప్పు తీరు ముఖ్యము. ఆ దశాబ్దముననే అనంతపురముతో కూడ ఏడు కరవు జిల్లాలలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహాయముతో రైతుల భూగర్భజల పథక మొకటి నడచినది. అందు రైతులే బోర్లలోని నీటిమట్టమును కొలిచిరి. వాననీటి లెక్క వ్రాసిరి. ఉన్న నీరెంత, వేయదలచిన పైరునకు కావలసినదెంత యని విత్తుటకు ముందే సరిచూచుకొనిరి. వరి మానుమని ఎవ్వరిపై నిర్బంధము లేదు. లెక్కను కన్నులార చూచిన పిమ్మట పెక్కురు తమంతట తామే వరి తగ్గించి, తక్కువ నీటి పైరులకు మరలిరి. ఆజ్ఞ చేయలేని పనిని ఎఱుక చేసినది.

కాబట్టి నోరు విప్పుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ విషయము నాకును సంబంధించినదా? అతడు నన్ను అడిగినాడా? చెప్పిన మాటవలన వచ్చు భారములో నేను పాలు పంచుకొందునా? మూడింటికిని 'కాదు' అనియే సమాధానము వచ్చినచో మౌనమే ధర్మము.

మౌనమనగా ముఖము త్రిప్పుకొనుట కాదు. కష్టములో నున్నవాని యింటికి ఒంటరిగా పోయి, రచ్చబండ మాటలు తలపెట్టక, "ఏమి కావలెను?" అని యడిగి, చెప్పినది ఓర్పుతో వినవలెను. విత్తనమునకు అదను దాటకముందే ఎద్దులనో, గింజలనో సాయమిచ్చి, లెక్క లడుగక మరలవలెను. దాసోహమనగా ఇదియే. పెత్తనము అడుగక యిచ్చు తీర్పు. దాసోహము తీర్పు లేక యిచ్చు చేయూత.